దించుకున్నవాళ్ళు

"నా పాటలు వీడి దగ్గరికెలా వచ్చాయి?"

పాటగాడు వేసిన కేకకి వంటింట్లో గిన్నె జారి కిందపడింది. భార్య చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

కంప్యూటర్లో ఎవరిదో ముక్కూమొహం తెలియని సైటు. అందులో అతని ఆల్బమ్ బొమ్మ. కింద 'ఉచితంగా దించుకోండి' అని పచ్చ బటన్. పక్కన ఎందరు దించుకున్నారో చెప్పే అంకె. అతను చూస్తుండగానే అది పెరిగింది.

ఆ ఆల్బమ్ కోసం అతను స్కూల్లో సంగీతం టీచరు ఉద్యోగం వదిలేశాడు. వెనక గది గోడలకి దూది పలకలు కొట్టి, తలుపు పక్కన మందపాటి అద్దం బిగించి రికార్డింగ్ గది చేసుకున్నాడు. బావమరిది సౌండ్ ఇంజనీరు. తన మిషన్లన్నీ తెచ్చి ఆ గదిలోనే పెట్టాడు. పాటలు తయారయ్యాయి, అమ్మకానికి పెట్టారు. నెలలు గడిచినా కొన్న నాథుడు లేడు. పాటగాడు గడ్డం పెంచాడు. కంచం ముందు కూర్చుని అలాగే లేచిపోయేవాడు. ఆ గది తలుపు తీయడమే మానేశాడు.

ఎందుకు కొనలేదో ఇప్పుడు తెలిసింది.

"వేలమంది! హోటల్లో తిని బిల్లు కట్టకుండా లేచిపోతే కాలర్ పట్టుకోరూ? పాటంటే అంత లోకువా?"

"పోనీలెండి. డబ్బుల్లేనివాళ్ళేమో. వింటున్నారుగా" అంది భార్య.

"దొంగల్ని వెనకేసుకొస్తావేంటి నువ్వు?"

ఆమె కిందపడ్డ గిన్నె తీయడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ఆ రోజే అతను గడ్డం గీసుకున్నాడు. కడుపునిండా తిన్నాడు. దొంగ మీది కసితోనే గది తలుపు తీసి కొత్త పాట మొదలుపెట్టాడు.

తిడుతూనే రోజూ ఆ సైటు తెరిచేవాడు. పాటల కింద ఎవరెవరో రాసేవారు. 'బస్సులో వింటూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను.' 'రెండో చరణం దగ్గర గొంతు పట్టేసింది.' 'కొత్తది ఎప్పుడండీ?'

"దొంగ వెధవలు" అనుకుని, మళ్ళీ మొదటినుంచి చదివేవాడు.

కొత్త పాట పూర్తయింది. ఇంకా అమ్మకానికి పెట్టలేదు, గది దాటి బయటికి పోలేదు. మర్నాడు పొద్దున్నే ఆ సైటులో ఉంది.

దొంగ ఎక్కడో లేడు. ఈ ఇంట్లోనే తిరుగుతున్నాడు.

గదికి కొత్త తాళం వేశాడు. పాస్‌వర్డ్ మార్చాడు. అయినా తర్వాతి పాటా పోయింది. ఆపైన గదిలో ఏ చిన్న చప్పుడైనా అతనికి అడుగుల చప్పుడులాగే వినిపించేది. పాట ఆపి చెవి రిక్కించేవాడు. పాడుతూ పాడుతూ చటుక్కున వెనక్కి తిరిగేవాడు. వెనక ఎప్పుడూ బావమరిదే ఉండేవాడు, మిషన్ల ముందు వంగి.

అవును, వీడు కాక ఇంకెవరు? భార్య ఆఫీసులో రోజంతా కంప్యూటర్ పని చేసి, ఇంటికొచ్చి గదిలో ఓ మూల ఫోను పట్టుకుని కూర్చుని వింటుంది. శ్రుతికీ లయకీ తేడా తెలియని అమాయకురాలు.

"ఎంతిస్తున్నార్రా నీకు?" అన్నాడొకరోజు.

బావమరిది తెల్లబోయాడు. "నీకు పిచ్చిగానీ పట్టిందా బావా?"

"ఊరికే పాటలు దించుకోవడం నీకు కొత్తా? కాలేజీ రోజుల్నుంచీ అదేగా నీ పని!"

"నీ పని మాత్రం కాదా? ఇద్దరం కలిసేగా దించుకునేవాళ్ళం. ఆ పాడినవాళ్ళ మొహాన ఒక్క రూపాయైనా కొట్టావా నువ్వు?"

ఆ మాట సూటిగా తగిలింది. తగిలినందుకే ఇంకా మండింది. ఆ సాయంత్రమే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి బావమరిది మీద ఫిర్యాదు ఇచ్చాడు. సంగతి విన్న భార్య మొహంలో నెత్తురుచుక్క లేదు. తమ్ముడు కదా, ఆమాత్రం బాధ ఉంటుందిలే అనుకున్నాడు.

"ఆ కంప్లైంటు వెనక్కి తీసుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను" అందామె.

"వాణ్ణి ఒప్పుకోమను. తీసుకుంటాను."

ఆదివారం మధ్యాహ్నం బావమరిది రాగానే అతను గది తలుపు లోపలినుంచి గడియ పెట్టాడు. మైకుని ఊడదీసి, ఇనప స్టాండు చేతిలోకి తీసుకున్నాడు.

"పోలీసులు బయల్దేరారు. వాళ్ళు వచ్చేలోపు నీ నోటితో చెప్పు."

"నేను చేయలేదు బావా."

"మరెవరు చేశారో చెప్పు!"

బావమరిది ఏదో చెప్పబోయి ఆగాడు. గది అద్దంలోంచి అవతల నిలబడ్డ అక్క వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. వాడు తల దించుకున్నాడు.

ఆ మౌనం చాలు అతనికి. స్టాండు లేచింది. మొదటి దెబ్బకి పెద్ద మిషన్ బద్దలైంది. బటన్లు చెల్లాచెదురుగా నేలమీద దొర్లాయి. రెండో దెబ్బకి స్పీకరు చీలింది. అద్దం మీద దబదబా బాదుతూ భార్య అరుస్తోంది. ఆ గదిలోకి ఏ శబ్దమూ రాదు.

అతను బావమరిది చేతిని లాగి బల్లమీద అదిమిపెట్టాడు.

"ఈ వేళ్ళతోనేగా నొక్కావు?"

స్టాండు మళ్ళీ పైకి లేచింది.

పాత గడియ. బయటినుంచి ఆమె ఒంటి బరువంతా పడేసరికి ఊడిపోయింది. పరిగెత్తుకొచ్చి తమ్ముడి చేతిమీద తన రెండు చేతులూ కప్పింది. వీధిలో జీపు ఆగిన చప్పుడు వినిపించింది.

"అడ్డులే!" అన్నాడు అతను రొప్పుతూ. "వేలమందికి పంచిపెట్టాడు నా పాటల్ని!"

ఆమె లేవలేదు.

"ఆ సైటు పెట్టింది నేను, ఆ అంకె పెంచింది నేను, కింద రాసినవన్నీ నేనే... మీ పాటని ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు కూడా దించుకోలేదండీ."