మిగిలిన బిళ్ళలు

భర్తకు జ్వరం దిగి చెమట పట్టిందో లేదో, తలుపు చప్పుడైంది.

పక్క గదిలో ఒంటరిగా ఉండే ముసలాయన. ఆ ఇంటి వాటాల్లో అందరూ ఆయన్ను బిళ్ళల తాత అంటారు.

“తగ్గిందామ్మా?”

“ఏం తగ్గింది?”

“జ్వరం.”

ఆమె ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

“మీకెలా తెలుసు?”

“పొద్దుట్నుంచీ దగ్గు వినబడలేదు. డాక్టరు ఇచ్చిన బిళ్ళలు చివరిదాకా వేయించు. ఇక వేసుకోనంటే మిగిలినవి నాకిచ్చెయ్. ఇంట్లో మాత్రం ఉంచకు.”

మాట్లాడుతున్నది ఆమెతోనే. చూపు మాత్రం ఆమె భుజం మీదుగా లోపలికి పోయి, వంటగది గడప దగ్గర నేల మీద ఆగింది. అక్కడ ఏమీ లేదు. అయినా, అక్కడ ఎవరో పడుకుని ఉన్నట్టు, వాళ్ళ నిద్ర చెడుతుందేమోనన్నట్టు ఆయన గొంతు తగ్గించాడు.

“ఏమీ మిగల్లేదు,” అని ఆమె తలుపు వేసింది.

ఎందుకు అబద్ధమాడిందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. తలుపు తీయకపోతే కాసేపు అవతలే నిలబడేవాడు. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆమె ఊపిరి బిగబట్టుకునేది. కొన్నాళ్ళకు తనకు దగ్గు వస్తే తలగడలో ముఖం దాచుకుని దగ్గడం అలవాటైంది.

“ఏం చేసుకుంటాడండీ అవన్నీ?” అని భర్తను అడిగింది.

“ఏ కొట్టువాడికో అమ్ముకుంటాడు. లేకపోతే గోడకి చెవి పెట్టి కూర్చునే ఖర్మేంటి? నా ఇంట్లో నేను దగ్గడానికి ఈయన పర్మిషన్ కావాలా?”

భర్త వెళ్ళి ఇంటి యజమానురాలితో మాట్లాడాడు. అప్పటికే మిగతా వాటాలవాళ్ళూ చెప్పారట.

ముసలాయన ఒక సంచీ, ఒక దుప్పటీ పట్టుకుని ఖాళీ చేశాడు. వెళ్ళేటప్పుడు ఎవరి తలుపూ తట్టలేదు.

గోడ అవతల చప్పుడు లేదు. ఆమెకు హాయిగా ఉండాల్సింది. ఎందుకో ఇల్లు ఒక పక్క తెరుచుకుని ఉన్నట్టనిపించింది.

బిళ్ళలు చక్కెర డబ్బా పక్కన అలాగే ఉన్నాయి. ఒళ్ళు తేలికపడగానే భర్త మానేశాడు. “బాగున్న ఒంటికి మందెందుకే?” అన్నాడు. పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆడపడుచు వచ్చింది. గొంతు బొంగురుపోయింది. గుటక వేస్తే నొప్పి.

“డాక్టరు దగ్గరికి వెళ్దామా?”

“ఈ మాత్రానికి డాక్టరెందుకు వదినా? ఏదైనా బిళ్ళ ఉంటే పడెయ్.”

ఆమె స్ట్రిప్పు తెచ్చింది.

“మీ అన్నయ్యకి దీంతోనే తగ్గింది. ఇట్టే లేచి కూర్చున్నారు.”

“అన్నయ్య మిగిల్చిందా? చిన్నప్పట్నుంచీ నా వాటా అంతేలే, ఆయనగారి ఎంగిలి.” ఆడపడుచు నవ్వి స్ట్రిప్పు అటూ ఇటూ తిప్పింది. “పెన్సిలిన్ కాదు కదా? అది నాకు పడదు.”

“ఆ పేరు ఎక్కడా లేదు. నువ్వే చూడు.”

స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన పేరు ఉంది. లోపల ఏముందో చెప్పే చిన్న అక్షరాలు, భర్త చింపి వేసుకున్న బిళ్ళలతోపాటే పోయాయి.

ఆడపడుచు మింగింది.

కబుర్లు చెబుతూనే మెడ గోక్కుంది. తర్వాత చేతులు.

“వదినా, ఈ గదిలో గాలాడట్లేదేంటి?”

కిటికీ బార్లా తెరిచే ఉంది.

పెదవులు ఉబ్బుతున్నాయి. నీళ్ళ కోసం లేచి, వంటగది గడప దగ్గర ఒరిగిపోయింది.

ఆ చోటు. ఆమె దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఒక్క క్షణం, ఆడపడుచు అక్కడ ఎప్పట్నుంచో పడి ఉన్నట్టూ, తను ఇప్పుడే చూస్తున్నట్టూ తోచింది.

తర్వాత బయటికి పరుగెత్తింది. పక్క గది తలుపు రెండు చేతులా బాదింది. లోపల ఎవరూ లేరని బాదుతుండగా గుర్తొచ్చింది.

ఆసుపత్రిలో సూదిమందు పనిచేసింది. ఇంకాస్త ఆలస్యమైతే చేసేది కాదన్నారు.

డాక్టరు ఆ చిరిగిన స్ట్రిప్పును వెలుతురుకి పట్టి చూసింది.

“ఇది పెన్సిలిన్ జాతి మందేనమ్మా. దానికి ఇంకో మందు జతచేసి వేరే పేరుతో అమ్ముతారు. పేరు మారినంత మాత్రాన పడనివాళ్ళకి పడుతుందా? అయినా, పూర్తిగా వాడమని ఇచ్చింది మీ ఇంట్లో ఎలా మిగిలింది?”



ఆడపడుచు ఇంటికొచ్చాక ఆమె యజమానురాలి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది.

“ఆ తాతగారు ఎక్కడికెళ్ళారు పిన్నిగారూ?”

“చెప్పలేదమ్మా. అడిగితే నవ్వాడంతే.”

“ఆయన మొదట్నుంచీ ఇలాగేనా?”

“అయ్యో, ఆ రోజుల్లో పుచ్చుకునే మనిషా? ఇచ్చే మనిషి. ఎవరికి నలతగా ఉన్నా డబ్బా పట్టుకుని వాలిపోయేవాడు. హస్తవాసి మంచిదని మేమూ అనేవాళ్ళం.” ఆవిడ ఇంకో చీర అందుకుంది. “మీకంటే ముందు మీ వాటాలో ఒక పిల్ల ఉండేది. పొద్దున గొంతు నొప్పంది. మధ్యాహ్నానికి మనిషే లేదు.”

“ఆయన కూతురా?”

“కాదు. ఏ చుట్టరికమూ లేదు.”

ఆవిడ మడతను అరచేత్తో చదును చేసింది.

“పాపం నొప్పితో ఉందని, తన దగ్గర మిగిలిన బిళ్ళ దాని చేతిలో పెట్టింది ఆయనే.”