చూసింది చూసినట్టు

ధర్మరాజు సైతం అర్ధసత్యంతో సరిపెట్టుకున్న ఈ భరతఖండంలో, సంపూర్ణ సత్యాన్ని పలకడానికి సురంగల్ ప్రభాకర్ పొద్దున్నే లేచి తలంటుకున్నాడు.

నల్లకోటు తొడిగాడు. అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. చేయి ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. సత్యానికి చేయి ఏ ఎత్తున ఉండాలో శాస్త్రాల్లో ఎక్కడా చెప్పలేదు.

"జర తిని పో బిడ్డా," అన్నది తల్లి కౌసల్యమ్మ వంటింట్లోంచి. "ఉత్త కడుపుతోని అంతమంది ముంగట నిలవడితె కండ్లు తిరుగుతయ్."

ముద్ద దిగలేదు. గొంతులో అంతయ్య అడ్డం పడి ఉన్నాడు.

సంగతి చిన్నది. ఆ చిన్న సంగతికే ఒక మనిషి జైలుకు పోబోతున్నాడు. నిరుడు వానకాలంలో ప్రభాకర్ వాళ్ల అన్న, మాజీ సర్పంచి బాల్‌రాజ్ పొలంలో బోరు మోటారు కేబుల్ పోయింది. మాజీ సర్పంచిగారి కేబుల్ పోయినప్పుడు వెతకవలసింది కేబుల్‌ను కాదు, మాదిగవాడను. ఊరికి అదొక అలిఖిత రాజ్యాంగం. ఆ వాడ మనిషి అంతయ్య ఆ పూట అటువైపు నడిచాడు. నేరం రుజువు కావడానికి ఆ నడక చాలింది. మోటారు షెడ్డు గుంజకు కట్టేసి కొట్టారు. ఆపైన పోలీసులకు అప్పగించారు.

నిజానికి ఆ కేబుల్‌ను కారు డిక్కీలో వేసుకొని పోయినవాడు బాల్‌రాజ్ కొడుకు హరీష్. రాగి అమ్ముకొని షోకులు చేశాడు. తండ్రికి ఆలస్యంగా తెలిసింది. తెలిసినా కేసు వాపసు తీసుకోలేదు. పరువు రాగికన్నా ప్రియమైన లోహం.

హరీష్‌ను కళ్లారా చూసింది ప్రభాకర్ ఒక్కడే. ఆ మాట ఎలాగో వాడదాకా పాకింది. ఆయన గండిపేట అవతల ఒక కాలేజీలో ఇంగ్లిషు లెక్చరర్. అంతయ్య తరఫు వకీలు లిదియా ప్రభాకర్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, కుర్చీ చూపినా కూర్చోకుండా చెప్పింది:

"పిల్లలకు న్యాయం గురించి మస్తు చెప్తరట గద సార్. ఇదిగూడ ఒక పీరియడ్ అనుకోండ్రి. జడ్జి ఇదే ఆఖరి వాయిదా అన్నరు. మీరు నోరిప్పకుంటె అంతయ్యకు శిక్ష ఖాయం."

ఆ వాయిదా ఇవాళే.

నిన్న అంతయ్య భార్య అంతమ్మ వచ్చి గేటు బయట నిలబడింది. ప్రభాకర్ గోడమీది గ్లాసు దించి నీళ్లిచ్చాడు. వాడవాళ్ల కోసం ఉంచిన ఆ గ్లాసు ఇంట్లోకి రాదు. తీసుకుపోవాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు కూడా. అయితేనేం, ఆమెను పేరు పెట్టి పిలవకుండా 'అవ్వా' అన్నాడు. ఆ వంశచరిత్రలో అదే తొలి విప్లవం.

"రేపు చెప్తవు గద సారూ?"

"చెప్తనవ్వా. చూసింది చూసినట్టు చెప్త."

"నీ నోట్ల మాట మీదనే మా ఆయన పాణం ఉన్నది."

గుమ్మం దాటగానే బాల్‌రాజ్ ఎదురైనాడు. తెల్లబట్టలు, భుజాన కండువా. ప్రభాకర్ చూపు నేలకు దిగింది.

"తయారైనవా తమ్మీ?"

"అయిన అన్నా."

"పా మరి. నేనెందుకు ఆపుత? సదువుకున్నోనివి. నేను గూడ వస్త, ముంగట్నే కూసుంట." తమ్ముడి కోటు మీది దారపు పోగును ఏరి పారేశాడు. "జర గట్టిగ మాట్లాడు. ఎనకున్నోళ్లకు గూడ ఇనవడాలె."

బాల్‌రాజ్ కారులోనే బయలుదేరారు. మెయిన్ రోడ్డు దగ్గర కారు ఒక్క క్షణం ఆగింది. ప్రభాకర్ కిటికీలోంచి కుడివైపు రోడ్డును చూశాడు. కారు ఎడమకు తిరిగింది.

హాలు కిక్కిరిసి ఉన్నది. ఎత్తయిన కుర్చీలో న్యాయమూర్తి. బోనులో తల వంచుకున్న నిందితుడు. నల్లని ముఖం చెమటకు మెరుస్తున్నది. ముందు వరుసలో బాల్‌రాజ్, కాలు మీద కాలు. వంతు రాగానే ప్రభాకర్ లేచాడు.

"ఇతడు దొంగ కాడు!"

చేయి సరిగ్గా అనుకున్న ఎత్తులోనే ఉన్నది.

"దొంగ నా ఇంట్లో ఉన్నాడు. నా రక్తంలో ఉన్నాడు. నేను చూశాను. చూసి, ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను. ఇతని నేరమల్లా పుట్టుక! పుట్టుకకు శిక్ష వేయదలచుకుంటే, ముందు నన్ను ఆ బోనెక్కించండి!"

ఇంట్లో ఏనాడూ రాని భాష, అచ్చుపుస్తకం వంటి భాష, గంగాప్రవాహమై దుమికింది. హాలు గుసగుసలాడింది. న్యాయమూర్తి సుత్తితో బల్లను మోదాడు. వెనుక ఎవరో ఆడమనిషి వెక్కి వెక్కి ఏడ్చింది. బాల్‌రాజ్ కండువాతో కళ్లొత్తుకున్నాడు.

"శాబాష్ తమ్మీ! గిట్ల ఉండాలె మొగోడంటె!"

నిందితుడి సంకెళ్లు విప్పారు. జనమంతా లేచి నిలబడ్డారు. చప్పట్లకు కిటికీలు అదిరాయి. న్యాయమూర్తి సైతం కుర్చీ దిగి వచ్చి చప్పట్లు కొట్టాడు. ప్రభాకర్ కళ్లు చెమర్చాయి. ఇంత సత్యాన్ని ఒక్కడే మోసినవాడికి ఆ మాత్రం అలసట సహజం.

కాలేజీ వార్షికోత్సవ వేదిక మీద తెర దిగి, పరదేశపు నాటకంలోని నల్లజాతి నిందితుడి వేషం కట్టిన విద్యార్థి మొహానికి పూసిన నల్లరంగు తుడుచుకుంటున్న ఆ వేళకు, చేవెళ్ల కోర్టు వరండాలో బంట్రోతు "అంతయ్య తరఫు సాక్షి ప్రభాకర్" అని పిలిచిన మూడో పిలుపుకు, గేటు వైపు తల తిప్పి చూసింది అంతమ్మ ఒక్కతే.