గుమ్మం దగ్గర ఆవిడ

"ఆంటీ, మీరు బయటే ఉండాలట. మీ అమ్మాయి చెప్పమంది."

బాస్కెట్‌బాల్ హాలు తలుపుకి చేతులు అడ్డం పెట్టి, జట్టులోని పిల్ల ఒకతె నవ్వింది.

తల్లి వెనక్కి జరిగింది. కాదనడానికి మొహం ఉంటేగా?

కిందటి పోటీలో కూతురు జారిపడగానే "అయ్యో నా తల్లీ" అంటూ ఆట మధ్యలోకి పరిగెత్తింది. ఈల వేసినా ఆగలేదు. ఆ రోజు నుంచి హైస్కూలు పిల్లలందరికీ ఆవిడ సైరన్ ఆంటీ.

ఇవాళ ఆఖరి పోటీ. పొద్దున బయల్దేరేముందే కూతురి దగ్గర మాట తీసుకుంది. "ఇవాళ గనక పడ్డావంటే, ఇక బంతి ముట్టుకోకూడదు."

"సరే. నువ్వు మాత్రం లోపలికి రాకూడదు" అంది కూతురు.

అలా కుదిరింది బేరం.

గుమ్మం పక్కనే వసారాలో, కుళాయి దగ్గర గోడకేసి తిరిగి నిలబడింది తల్లి. చంకలో సంచి. అందులో దూది, మందు, పాత దుప్పటి చించి తనే అంచులు కుట్టిన కట్టు గుడ్డ. పదిమంది బట్టలు కుట్టే చేతులవి. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించమంటే ఎక్కించలేవు.

లోపల ఈల మోగింది.

"చూడకుండా ఎలా ఉంటారండీ?"

గుమ్మానికి ఆనుకుని ఒకావిడ నిలబడి ఉంది. మెడలో ఆకుపచ్చ స్కార్ఫు. తలుపు దగ్గర ఉంది కాబట్టి తలుపు చూసుకునే మనిషే అనుకుంది తల్లి.

"చూస్తే నా గుండె ఆగిపోతుందమ్మా. చూడకపోయినా ఆగేట్టే ఉంది."

"పోనీ నేను చూసి చెప్పనా? మీ అమ్మాయి ఏది?"

"పొడుగ్గా, రెండు జడలు. జట్టుకి అదే పెద్ద."

ఆవిడ ఇటు తిరిగి తల్లిని ఎగాదిగా చూసింది.

"ఆ పిల్లా! బంగారం లాంటి ఆటండీ ఆ పిల్లది."

"అలా అనకండి, నాకు ఇంకా భయమేస్తుంది."

ఆవిడ నవ్వి లోపలికి చూసింది. "బంతి అందుకుంది... ఒకళ్ళని దాటింది... ఇంకో అమ్మాయి అడ్డం వచ్చింది... అదిగో, వేసేసింది!"

"పడిందా?"

"బంతే పడింది, బుట్టలో. పిల్ల నిక్షేపంగా ఉంది."

తల్లికి కంగారు పుడితే చేతికి ఏదో ఒక గుడ్డ తగలాలి. తనకు తెలియకుండానే ఆవిడ స్కార్ఫు కొస పట్టుకుంది.

"మూల అంచు ఊడింది చూశారా? మా ఇంటికి తెస్తే చిటికెలో కుట్టిపెడతా."

"తెస్తాలెండి. ముందు ఆట అవనివ్వండి."

అంతలో లోపల ధన్‌మని చప్పుడు.

హాలంతా గప్‌చుప్.

"ఎవరు? మా పిల్లేనా? చెప్పండి, మా పిల్లేనా?"

ఆవిడ తలుపు పట్టుకుని లోపలికి వంగింది.

"కాదు" అంది ఇటు తిరగకుండానే. "పడింది మీ అమ్మాయి కాదండీ. మీ అమ్మాయే పరిగెత్తుకెళ్ళి లేవదీస్తోంది."

"అమ్మయ్య! బతికించారు! ఎవరి పిల్లో ఏమో, పాపం."

"అవతలి జట్టు పిల్ల. మోకాలు కొట్టుకుంది." ఆవిడ గొంతు తగ్గింది. "మీ సంచిలో కట్టు గుడ్డ ఏదైనా ఉందా?"

తల్లి సంచిని గట్టిగా అదుముకుంది.

"ఉంది గానీ ఒక్కటేనమ్మా. ఆట ఇంకా అవలేదుగా. రేపు మా పిల్లకే... అబ్బే, నోటితో అనలేను."

"నిజమేలెండి. ఉంచుకోండి."

ఆవిడ గబగబా లోపలికి వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చింది.

"ఆడతానంటోంది. మొండిఘటం."

తల్లి చెయ్యి స్కార్ఫు కోసం వెతికింది. కొస దొరకలేదు. ఆవిడ మణికట్టే పట్టుకుంది.

"మీకేమమ్మా, ఎంత నిబ్బరంగా ఉన్నారు! అందులో మీ పిల్ల ఉంటే తెలిసేది."

ఆవిడ మళ్ళీ లోపలికి చూసింది.

"వేసింది! మీ అమ్మాయి మళ్ళీ వేసింది!"

చివరి ఈల మోగాక కూతురు చెమటలు కక్కుతూ వచ్చి తల్లిని వాటేసుకుంది.

"అమ్మా, గెలిచాం! పతకం నాకే! పడలేదు కూడా. లోపలికి రా, అరవకు."

"విన్నారా?" అంటూ తల్లి గుమ్మం వైపు తిరిగింది. గుమ్మం ఖాళీ.

పోన్లే, వెళ్ళేటప్పుడు చెబుదాం అనుకుంది.

ఆ పోటీల్లో ఒక ఆనవాయితీ ఉంది. అందరికంటే బాగా ఆడిన పిల్లకు పతకం పెద్దలు వేయరు. ఆట పొడుగునా ఆ పిల్లను అడ్డుకున్న అవతలి పిల్లే వేస్తుంది. ఎంత బాగా ఆడిందో దానికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

అవతలి పిల్ల కుంటుకుంటూ వేదిక ఎక్కింది. పతకం వేసి, చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. హాలు చప్పట్లతో హోరెత్తింది. అందులో తల్లి చప్పట్లే ముందు, కన్నీళ్ళూ ముందే.

ఆ పిల్ల మోకాలికి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. మూల అంచు ఊడి, దారం వేలాడుతోంది.

పాపం, ఆవిడే ఇచ్చినట్టుంది, ఎంత మంచి మనిషి అనుకుంది తల్లి.

అప్పుడే ఆ పిల్ల అటు చివర తలుపు వైపు చెయ్యి ఊపింది.

"అమ్మా, బండి ఆపించు! వస్తున్నా!"

ఆ తలుపు దగ్గర రెండు సంచులు భుజాన వేసుకున్న ఒకావిడ, బోసి మెడతో, అలాగేనని తల ఊపి బయటికి వెళ్ళిపోయింది.

తల్లి చెయ్యి సంచిలో చుట్ట విప్పని కట్టు గుడ్డకు తగిలి అక్కడే ఆగిపోయింది: "పడింది మీ అమ్మాయి కాదండీ" అని తనకు ధైర్యం చెప్పినప్పుడు, ఆవిడ కళ్ళెదుట పడి ఉన్నది ఆవిడ కన్నకూతురు.