కరగని మాత్రలు

“నకిలీ మందులమ్మి మనుషుల ప్రాణాలు తీస్తావా?”

మాత్రల అట్టను కౌంటరు మీదికి విసిరికొట్టింది జిమ్ మాస్టారి భార్య. మందుల కోసం నిలబడ్డవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు. ఆమె వెనకాలే మాస్టారు ఉన్నాడు, నుదుటి మీద మూడు కుట్లతో.

“ముందు విషయం చెప్పక్కా. తర్వాత తిడుదువుగాని,” అంది మందుల షాపామె.

“ఇంకేం చెప్పాలి? ఈ నెల్లో ఇది మూడోసారి ఫిట్స్ రావడం. నిన్న జిమ్‌లో నలభైమంది ముందు విరుచుకుపడిపోయారు. రక్తం పరీక్ష చేస్తే ఒంట్లో మందు జాడే సరిగ్గా లేదట. ఆయన మాత్రలు మింగకుండా పారేస్తున్నారని డాక్టరు నా మొహం మీదే అన్నాడు! రోజూ పొద్దున్నే నా చేత్తో నోట్లో వేస్తున్నాను. మింగాక నోరు తెరిపించి మరీ చూస్తున్నాను. నేను అబద్ధమాడక, ఆయన అబద్ధమాడక, మరి ఎవరాడుతున్నట్టు? నీ మాత్రే!”

“పద, ఇంటికెళ్దాం,” అన్నాడు మాస్టారు మెల్లగా.

“మీరు ఊరుకోండి. మీ మంచితనమే మన కొంప ముంచుతోంది!”

షాపామెకీ ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళుగా షాపు నడుపుతున్న మనిషి. నకిలీ అన్న మాట పడటం ఆమెకిదే మొదలు.

“మా తమ్ముడికీ ఇదే జబ్బు. ఇదే డబ్బాలోంచి వేసుకుంటున్నాడు. వాడికి రెండేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. మాస్టారికి ఎప్పట్నుంచి ఇలా?”

“ఏడాదిగా. అంతకుముందు పదేళ్ళు ఈ మాత్రతోనే గుండ్రాయిలా ఉన్నారు. అందుకే అంటున్నా, సరుకు మారిందని!”

“సరుకు మారలేదు. మరి మనిషిలో ఏం మారింది?”

“నలభై కిలోలు తగ్గారు. అది కూడా తప్పేనా?”

షాపామె ఆ అట్టను చేతిలోకి తీసుకుంది. ఆమె గొంతు తగ్గింది.

“ఇది కడుపులోనూ పేగుల్లోనూ నిదానంగా, రోజంతా కరిగే రకం అక్కా. బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి పైకి గాటు కనపడని చిన్న రంధ్రాల్లోంచే కడుపు చిన్నది చేసి, పేగును దారి మళ్ళిస్తారు. వాళ్ళలో ఇలాంటి మాత్ర సగం కూడా కరక్కుండానే బయటికి పోవచ్చు. ఎంత శ్రద్ధగా మింగినా ఒంటికి పట్టదు. డాక్టర్లు అలాంటివాళ్ళకి సిరప్ రాస్తారు.”

ఆ మాటతో మాస్టారి భార్య ఒంటికాలి మీద లేచింది.

“ఆపరేషనా? ఆయనకా? డాక్టరు కూడా అదే అడిగాడు, ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా అని. ఏమీ లేదని నేనే చెప్పాను. కిందటేడు కొండ మీద శిబిరంలో రెండు నెలలు కూరముక్కలు తిని, వచ్చాక కూడా అలాగే తిని తగ్గిన మనిషమ్మా ఈయన! జిమ్ గోడ మీద ఫొటోలు చూళ్ళేదూ? ఇప్పటికీ నాలుగు ముద్దలు తిని కంచం ముందు నుంచి లేచిపోతారు. నోరు కట్టుకోవడమంటే అదీ!”

“అక్కా, నేనన్నది...”

“నన్ను చూడు. ఏడాదిగా ఆయన చెప్పిన తిండే తింటున్నాను. కళ్ళు తిరిగి స్నానాల గదిలో రెండుసార్లు పడ్డాను. మూడు కిలోలు కూడా తగ్గలేదు. క్లాసులో అందరి ముందూ నన్ను నిలబెట్టి, పట్టుదల లేని మనిషి ఎలా ఉంటుందో చూడండని చూపించారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఒక్క మాట అన్లేదు. ఎందుకు? ఆయన చేసి చూపించారు, నాకు చేతకాలేదు. అంత కష్టపడ్డ మనిషికి కత్తిగాటు అంటగడతావా?”

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కోపంతో వచ్చిన నీళ్ళే. మాస్టారు నేల చూపులు చూస్తున్నాడు.

షాపామె వాదన పెంచలేదు. ఫోను చేతిలోకి తీసుకుని మాస్టారి వైపు తిరిగింది.

“మాస్టారూ, ఈసారి ఫిట్స్ రోడ్డు మీద రావచ్చు, మెట్ల మీద రావచ్చు. మూడు కుట్లతో పోదు. ఆపరేషన్ లేదంటే ఈ మాత్రలే ఇస్తాను, తీసుకెళ్ళండి. ఉందంటే ఇప్పుడే డాక్టరుగారికి ఫోన్ చేసి సిరప్ రాయమంటాను. మీ నోటితో మీరే చెప్పండి.”

“ఇంకా అడుగుతావేంటమ్మా? ఆయన ఒంటి సంగతి నాకు తెలీదా?” మాస్టారి భార్య కౌంటరు మీద అరచేత్తో చరిచింది. “మాత్రలే ఇవ్వు! చెప్పండి, ఏమండీ. నోరు విప్పి గట్టిగా చెప్పండి!”

“సిరప్ రాయమనండి,” అన్నాడు మాస్టారు.