పచ్చి పగులు

“అన్నా, కవ్వం పగిలింది. జర పగులు నింపి ఇస్తవా?”

కనకప్ప కర్రను తిప్పి చెక్కే లేత్ మిషన్ ఆపి తలెత్తాడు. గుమ్మంలో ఓ బక్క మనిషి, మెడలో తువ్వాలు, ఆగని దగ్గు.

కవ్వంతో చల్ల చిలికే ఇల్లే కరువైన ఈ రోజుల్లో, దాన్ని బాగుచేయించుకునే మారాజు కూడా ఉన్నాడే అనుకున్నాడు.

“కూసో,” అన్నాడు.

రంపపు పొట్టులో కరిగించిన లక్క పోసి, చిటికెడు ఎర్రమట్టి జాజు వేసి, కవ్వం రంగు వచ్చేదాకా కలిపాడు. పగుల్లో కూరి, ఆరాక మిషన్ మీద తిప్పి గరుకు కాగితం పట్టాడు. పగులు మాయం! ఎక్కడుండేదో వేలు పెట్టి చూపించమంటే చేసినవాడే తడుముకోవాలి. రాయచూరు మొత్తంలో ఈ పనికి కనకప్ప తర్వాతే ఎవరైనా.

ఏం లాభం! ఆ పనితనం అందుకోవలసిన కొడుకే లేకపోయె.

అంబరీశ్ ఒక్కగానొక్కడు. కర్ర పనికి గిరాకీ తగ్గిందని, థర్మల్ కరెంటు కేంద్రం బూడిదతో ఇటుకలు చేసే ఓ షెడ్డుకు కూలికి పోయాడు. కొండంత బూడిద కుప్ప విరిగి మీద పడింది. అంతే, ఇంటి దీపం ఆరిపోయింది.

వాణ్ణి ఆ పనికి పిలుచుకుపోయినవాడు అమరప్ప అనే మేస్త్రీ. కనకప్ప వాడి మొహమైనా చూడలేదు గానీ, వాడికి శాపనార్థాలు పెట్టని పూట లేదు.

ఇంకో మనిషి కోసం మాత్రం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాడు. ఎవరో కూలీ బూడిద తవ్వి పిల్లవాణ్ణి తీశాడట. వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడట. ప్రాణం పోయేముందు వాడేదో చెబితే విన్నాడట. ఆ కూలీ ఎవరో ఎంత తిరిగినా తెలియలేదు. షెడ్డు మూతపడింది, పనివాళ్ళు తలో దిక్కు పోయారు.

“నన్ను తలుసుకున్నడేమో! ఆ ఒక్క మాట తెలిస్తే చాలు నాకు,” అంటూ భార్య కావేరి ముద్ద ముట్టదు. ఆ మనిషి దొరికితే కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటానంటాడు కనకప్ప.

కవ్వం చేతికిచ్చినా బక్క మనిషి లేవలేదు.

“అన్నా, ఒక మాట...”

“ఏంది?”

ఆయన గోడ మీది ఫోటోను, దానికి వేసిన దండను చూశాడు.

“ఏం లేదన్నా,” అని వెళ్ళిపోయాడు.

మళ్ళీ వచ్చాడు, పిల్లలాడే బొంగరం పగిలిందని. ఈసారి కాస్త ధైర్యం చేశాడు.

“ఫోటోల ఉన్నది నీ కొడుకేనా అన్నా?”

“అవ్. ఆ అమరప్పగాడు మింగిండు నా కొడుకును. వాని నోట్ల మన్నువడ! కనవడితే ఈ ఉలితోనే పొడుస్త!”

ఆయన తల వంచుకున్నాడు. దగ్గి దగ్గి, బొంగరం తీసుకుని లేచాడు.

ఆఖరిసారి చపాతీ కర్ర తెచ్చాడు. కనకప్ప దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. ఎండకు విచ్చిన పగులైతే మట్టి, జిడ్డు చేరి నల్లబడి ఉంటుంది. ఇది లోపల తెల్లగా, పచ్చిగా ఉంది. పక్కనే సుత్తి దెబ్బ కూడా ఉంది.

ఒళ్ళు మండిపోయింది కనకప్పకు.

“నన్ను బేవకూఫ్ అనుకున్నవా? ఇది పగిలింది గాదు, నువ్వే పగలగొట్టినవ్!”

“అవ్ అన్నా.”

“ఎందుకు?”

“ఈడికి రానికి ఇంకో సాకు దొరకలే.”

“కొడుకు వోయినోని కాడ నీకేం తమాషా? నడువ్ ఈడికెల్లి!”

“అన్నా, ఒక్క మాట చెప్పి పోత...”

“నీ మాటొద్దు, నువ్వొద్దు! మళ్ల ఈ గడప తొక్కినవంటే కాళ్లిరగ్గొడత!”

చపాతీ కర్ర అక్కడే వదిలేసి ఆయన వెళ్ళిపోయాడు. కోపం చల్లారాక కనకప్ప ఆ పగులూ నింపి పెట్టాడు. పనివాడి చేయి ఊరుకోదు కదా! మనిషి మాత్రం మళ్ళీ రాలేదు.

వానలు మొదలయ్యాక ఒకామె వచ్చింది. నుదుట బొట్టు లేదు.

“ఇడపనూరు నుంచొచ్చినన్నా. మా ఇంటాయన చపాతీ కర్ర ఈడ ఇడిసిపెట్టిండట.”

“ఆయన్నే రమ్మనమ్మా. ఆ పొద్దు జర ఎక్కువనే మాట్లాడిన.”

“యాడికెల్లి వస్తడన్నా? దగ్గుతనే పోయిండు. నీ పిల్లగాని కోసం తవ్వినప్పుడు మింగిన బూడిద, పాణం తీసేదాక ఇడవలే.”

కనకప్ప మిషన్ ఆపి గుమ్మం దాకా వచ్చాడు.

“అందరు భయపడి ఉరికిండ్రట. ఈయనొక్కడు ఉత్త చేతులతోని తవ్వి తీసిండు. పిల్లగాడు ఈయన ఒళ్లనే కన్ను మూసిండు.”

లోపల్నుంచి కావేరి పరుగెత్తుకొచ్చింది.

“ఏం చెప్పిండమ్మా నా కొడుకు? ఆఖరికి ఏమన్నడు? నీకు చెప్పే ఉంటడు గదా!”

“లేదక్కా. అది కన్నోళ్ల మాట, వాళ్ల చెవులనే వెయ్యాలె అన్నడు. చెప్తనని పోతుండె, చెప్పలేక తిరిగొస్తుండె. తనతోనే తీస్కపాయె.”

కావేరి గడప మీద కూలబడి గుండెలు బాదుకుంది. ఇక ఆ మాట చెప్పేవాళ్ళు ఈ లోకంలో లేరు.

“నేనేమన్న పులినా తల్లీ, చెప్పనికి అంత భయపడ్డడు?” కనకప్ప భోరుమన్నాడు. “పేరన్న అడగకపోతిని! ఏం పేరమ్మా ఆ పుణ్యాత్మునిది?”

ఆమె చపాతీ కర్ర చేతిలోకి తీసుకుంది.

“అమరప్ప మేస్త్రీ అంటరన్నా,” అంది.