రెండో గేటు

గేటు లేచింది. కారు ఇంకా టోల్ ప్లాజా దాటనే లేదు, కోటేష్ ఫోను మోగింది.

"అన్నా, మొదటి గేటు దాటినట్టున్నవ్. ఇంటికేనా?"

ఆడగొంతు. ఎన్నడూ విన్నది కాదు.

"ఎవరమ్మా నువ్వు?"

"నీ బండి ట్యాగు మెసేజిలు నా ఫోనుకొస్తున్నయన్నా. అడవిల నిమ్మళంగ పో."

పెట్టేసింది.

కోటేష్‌కు మణుగూరులో కళ్లద్దాల దుకాణం ఉంది. అద్దాలు చేయించుకు రావడానికి తరచూ ఖమ్మం వెళ్తాడు. బస్సుల్లో పగిలిపోతున్నాయని ఈమధ్యే పాత కారు కొన్నాడు.

అమ్మిపెట్టిన రాంబాబు, ముందు అద్దానికి అతికించి ఉన్న ఫాస్టాగ్ చూపించి, "పాతదే నడుస్తది. బండి నంబరు కొట్టి రీచార్జి చేసుకో, అయిపాయె" అన్నాడు.

దానికి ఎవరి ఫోను నంబరు కలిపి ఉందో కోటేష్ అడగలేదు.

ఖమ్మం నుంచి వచ్చేటప్పుడు అడవికి ముందొక గేటు, అడవి దాటాక ఇంకో గేటు. మొదటిది దాటగానే ఫోను. రెండోది దాటగానే మళ్లీ ఫోను.

"దాటినవా అన్నా? మంచిది."

అంతే. ఇంకేమీ అడగదు. అదే అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. రాంబాబును అడిగితే మాట దాటేశాడు.

"ఎవరది, పోయినప్పుడల్లా ఫోను?" అంది భార్య పుష్ప.

"నాకేం తెలుసు?"

"తెల్వకుంటెనే అన్నా అన్నా అంటదా?"

పక్క దుకాణం దూలయ్య ఇంకో మాట వేశాడు.

"అడవిల బండ్లాపి దోచుకునేటోళ్లు గిట్లనే కనిపెడ్తరు. నువ్వెప్పుడు ఏడున్నవో ఆమెకు ఎరుకైతున్నదాయె. జర పైలం కోటేషూ."

ఆ మాట చెవిన పడ్డాక దారి మారిపోయింది. టేకు చెట్ల కింద ఆగిన ప్రతి బైకూ అనుమానమే. వెనక లైట్లు కనిపిస్తే చాలు, కారు వేగం పెరిగేది.

ఇక లాభం లేదని ఒకరోజు ఖమ్మంలో కొత్త ట్యాగు కోసం వెళ్లాడు.

"పాతది మూస్తెనే కొత్తది నడుస్తది. అది ఎవరి నంబరు మీదుందో వాళ్లతోని మూయించు" అన్నాడు అక్కడి మనిషి.

కోటేష్ అక్కడి నుంచే ఆమెకు ఫోన్ చేశాడు.

"ఆ ట్యాగు మూసెయ్ అమ్మా."



"మూయిస్తనన్నా. మరి కొత్తదానికి గూడ నా నంబరే ఇస్తవా?"

కోటేష్‌కు ఒళ్లు మండింది.

"ఏం మనిషివమ్మా నువ్వు? నా బండి ఎటు పోతే నీకేంది? ఇంకొక్కసారి ఫోన్ చేసినవంటే పోలీసులకు పట్టిస్త!"

"కోపం చెయ్యకన్నా. రేపు మూయిస్త."

ఆమె నంబరును బ్లాక్ చేసి పడేశాడు.

ఆ సాయంత్రం పాత ట్యాగుతోనే మొదటి గేటు దాటాడు. ఫోను మోగలేదు. హమ్మయ్య అనుకున్నాడు.

అడవిలోకి వచ్చేసరికి వాన పట్టుకుంది. మలుపులో అడవిపందుల గుంపు రోడ్డుకు అడ్డంగా ఉరికింది. స్టీరింగ్ తిప్పాడు. కారు రోడ్డు దిగి, పొదలు చీల్చుకుంటూ వాగు గట్టున ఉన్న చెట్టును గుద్దుకుంది.

కాలు ఇరుక్కుపోయింది. కదిలిస్తే ప్రాణం పోతోంది. ఫోను ఎక్కడ పడిందో తెలియదు. పైన లారీలు పోతున్నాయి. కింద ఒక కారుందని వాళ్లకు తెలియదు.

అరిచి అరిచి గొంతు పోయింది.

పని కాకుంటే రేపొస్తానని పొద్దున పుష్పకు చెప్పాడు. ఆమె ఎదురుచూడదు.

చీకటి పడింది. కళ్లు మూతలు పడుతుండగా పొదల్లో టార్చి లైట్లు కదిలాయి. దోపిడీగాళ్లే! కోటేష్ ఊపిరి బిగబట్టాడు.

"సార్, ఈడున్నడు! బతికే ఉన్నడు!"

వచ్చినవాళ్లు పోలీసులు. వెనకే అంబులెన్సు.

"మీకెవరు చెప్పిన్రు సార్?" స్ట్రెచర్ మీద పడుకునే అడిగాడు.

"ఎవరో ఆడమనిషి. మొదటి గేటు దాటిండు, రెండోది దాటలేదని ఒకటే ఫోన్లు. పొద్దున చూస్తమంటే ఏడ్సింది. పొద్దటిదాకా ఆగొద్దు సార్, ఇప్పుడే పోండ్రి అని బతిమాలింది" అన్నాడు కానిస్టేబుల్.

భద్రాచలం దవాఖానాలో కాలికి ఆపరేషన్ చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు.

మాట వచ్చిన వెంటనే పోలీసుల దగ్గర ఆమె నంబరు తెలుసుకుని, పుష్ప ఫోను నుంచి ఆమెకు చేశాడు. ఆ నంబరు వాడకంలో లేదంది ఫోను. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

రాంబాబు చూడ్డానికి వచ్చాడు.

"అన్నా, ఆమె ఏడుంటదో చెప్పు. కాళ్లు మొక్కాలె."

"ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి పోయిందట. ఎటు పోయిందో ఎవరికీ చెప్పలే. బండే తుక్కయినంక ఇంక ఆ నంబరుతోని పనేమున్నదని సిమ్ము గూడ తీసేసింది."

"ఇంతకూ ఆమె ఎవరన్నా?"

రాంబాబు తల వంచుకున్నాడు. ఆమెకు కోటేష్ నంబరిచ్చింది తనేనని ఒప్పుకుని, బండి అమ్మేటప్పుడు దాచిన మాట ఇప్పుడు మెల్లగా చెప్పాడు.

"నీ బండి పాత ఓనరు అడవిల గుండె పట్టేసి, పక్కకాపుకున్న బండిలనే తెల్లారేసరికి పానమిడిసిండు, ఆ రాత్రి మొదటి గేటు మెసేజి చూసుకొని, వస్తున్నడులే అని నిద్రపోయిన ఆయన పెండ్లామే ఆమె."