తాళం పడని సందు

“నువ్వు పంపిన ఫోటో బయట అందుకున్నదెవరో పేరు సెప్పు!”

బసన్న బల్ల గుద్దితే టీ గ్లాసు ఎగిరిపడింది. ఆదోనిలో పత్తి మిల్లు ఆయనది. ఎదురుగా నిలబడింది దివ్య, మిల్లు ఆఫీసులో కంప్యూటర్ చూసే పిల్ల.

“పంపింది నేనే సావుకారీ. ఆ పేరు మాత్రం సెప్పను.”

పోయిన నెల మిల్లు షెడ్డులో పత్తికి నిప్పంటుకుంది. కూలోళ్లు పత్తి ఎత్తుకుపోతారని వెనక తలుపుకు బయటినుంచి తాళం వేయించింది ఈ బసన్నే. లోపల పన్నెండు మంది ఆడవాళ్లు తలుపు బాదారు, బాదారు, తీసే దిక్కు లేదు. చివరికి రేకు చీల్చుకుని బయటపడ్డారు. దివ్య తల్లి సిద్దమ్మకు రెండు చేతులూ కాలి, ఈనాటికీ తన ముద్ద తను కలుపుకోలేదు. తలుపు తెరిచే ఉండిందని విచారణకొచ్చిన అధికారులకు రాసిచ్చాడు మహానుభావుడు. అబద్ధానికి సిగ్గేముంది?

నిన్న ఆ అధికారులకే ఒక ఫోటో చేరింది. మిల్లు కెమెరాలో పడిందే. తలుపుకు తాళం, తలుపు కింద నుంచి పొగ.

“ఫోన్లు గేటు కాడే పెట్టించుకుంటిమి. నెట్టుకు కాపలా పెడితివి, ఈగ గూడా దాటదంటివి. యాడనుంచి పోయిందిరా?” అంటూ నెట్టు చూసే హరికృష్ణ మీద పడ్డాడు బసన్న.

“అన్నీ మూసినాను సార్. పింగ్ ఒక్కటే వదిలినాను. ‘ఉండావా’ అని ఒక మిషను అడిగితే ‘ఉండాను’ అని ఇంకోటి పలకల్ల. అదీ మూస్తే లైను బతికుందో సచ్చిందో తెలీదు. ఆ పలకరింపులో రవ్వంత సరుకు పడుతుంది. ఈ పాప ఫోటోను తునకలు చేసి అందులో పెట్టి పంపింది. బయట ప్రాక్సీ అని ఒక మధ్యవర్తి కంప్యూటరు, ఆ తునకలు అతికించి అధికారులకు చేర్చింది.”

“మధ్యవర్తి ఎవడు? పక్క మిల్లు శేషన్నేనా? వాని కండ్లెప్పుడూ నా మీదే!” బసన్న మళ్లీ దివ్య వైపు తిరిగాడు. “పేరు సెప్పు, నీ పని ఉంటుంది. మీ యమ్మ పనీ ఉంటుంది.”

“కాలిన సేతులతో మా యమ్మ యా పని సేస్తాది?”

“నా ఉప్పు తిని నాకే ఎదురు మాట్లాడతావా?”

“తిన్నది కూలి, సావుకారీ. ఉప్పు మా సెమటలోదే.”

“పో! మళ్ల ఈ గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొడతా. హరికృష్ణా, ఆ కంప్యూటరు ఎవరిదో తీ. వాణ్ని బజారుకీడుస్తా.”

హరికృష్ణ మీటలు నొక్కాడు. చూశాడు. మళ్లీ చూశాడు. ల్యాప్‌టాప్ మూత వేయబోయాడు.

“తర్వాత మాట్లాడుకుందాం సార్.”

“తర్వాతేంది? కూలోళ్లంతా వాకిట్లోనే ఉండారు. అందరికీ ఇనపడేటట్టు సెప్పు!”

“సెప్పొద్దన్నా,” అంటూ దివ్య ల్యాప్‌టాప్‌కు అడ్డం వచ్చింది.

“సెప్పరా!”

“ఎమ్మిగనూరులో కాపరముండే మీ బిడ్డ కంప్యూటరు సార్.”